పాస్‌వర్డ్ కొట్టే మనిషి లేకపోయినా కంప్యూటర్ తన పని తాను చేసుకోవాలంటే

మా ఆఫీసు గదిలో ఒక పాత కంప్యూటర్ ఉంది. పెద్దవాళ్ళ మాటలు రికార్డు చేసి పంపమని మేము అడిగినప్పుడు మీరు పంపిన ఆడియోలన్నీ అందులోనే పెడతాం. ప్రతి రాత్రి ఆ ఫోల్డరు మొత్తం పక్కనే ఉన్న ఇంకో డిస్కులోకి కాపీ అయ్యేలా మా పిల్లవాడు ఒకడు ఏర్పాటు చేసి, ఉద్యోగానికి బెంగళూరు వెళ్ళిపోయాడు. మేము నిశ్చింతగా ఉన్నాం.

వానాకాలంలో ఒక రాత్రి కరెంటు పోయి వచ్చింది. మిషను దానంతట అదే ఆన్ అయ్యింది. ఫ్యాను తిరుగుతోంది, లైటు వెలుగుతోంది. ఆ నెల ఆఫీసుకు వచ్చినవాళ్ళు తక్కువ. వచ్చినవాళ్ళు కూడా దాన్ని ముట్టుకోలేదు. మూడు వారాల తర్వాత డిస్కు చెడిపోయింది. కాపీ ఉంది కదా అని రెండో డిస్కు తెరిచి చూస్తే, కరెంటు పోయిన రాత్రి దగ్గరే ఆగిపోయి ఉంది. బెంగళూరుకు ఫోను చేశాం.

"మిషను ఆన్‌లోనే ఉండింది కదా మామా?"

"ఉండిందప్పా. తెర మీద పాస్‌వర్డ్ అడుగుతా ఉండింది."

"అయ్యో! మీరు లాగిన్ అయితేనే కాపీ మొదలయ్యేది."

ఆ మూడు వారాల్లో వచ్చిన ఆడియోల్లో చాలావాటిని పంపినవారి ఫోన్ల నుంచి మళ్ళీ తెప్పించుకోగలిగాం. ఒక అవ్వ పాడిన దంపుళ్ళ పాట మాత్రం దొరకలేదు. వాళ్ళ ఇంట్లో ఫోను మార్చేశారు. అవ్వ కూడా ఇప్పుడు లేదు.

రాష్ట్రం బయట తరతరాలుగా ఉంటున్న మన ఇళ్ళలో తెలుగు చాలావరకు నోటి మీదే నిలిచింది. హోసూరులో అయినా, బళ్ళారిలో అయినా, బరంపురంలో అయినా, షోలాపూరులో అయినా అంతే. దాన్ని దాచుకునే పెట్టె ఇప్పుడు కంప్యూటరే. అందుకే ఈ సంగతి సాంకేతిక నిపుణులకే వదిలేయకుండా, సంఘం కోశాధికారికి, గ్రంథాలయం చూసుకునే పెద్దాయనకు కూడా అర్థమయ్యేలా చెప్పాలని కూర్చున్నాం.

మిషను లేవడం వేరు, మనిషి రావడం వేరు

కంప్యూటర్ ఆన్ చేసినప్పుడు రెండు ఘట్టాలు జరుగుతాయి. మొదటిది మిషను లేవడం. విండోస్ తన భాగాలన్నీ సర్దుకుని, పాస్‌వర్డ్ అడిగే తెర దాకా వస్తుంది. రెండోది మనిషి లోపలికి రావడం. పాస్‌వర్డ్ కొట్టాక మన బొమ్మలు, మన ఫోల్డర్లు, మన ప్రోగ్రాములు తెరుచుకుంటాయి.

చాలామంది "స్టార్టప్‌లో పెట్టాం" అంటారు. విండోస్‌లో స్టార్టప్ ఫోల్డర్ అని ఒకటి ఉంది. పేరు చూసి మిషను లేవగానే నడుస్తుందని అనుకుంటాం. నిజానికి అందులో పెట్టిన ప్రోగ్రాము రెండో ఘట్టంలో, అంటే మనిషి లాగిన్ అయ్యాకే మొదలవుతుంది. మా పిల్లవాడు పెట్టింది అక్కడే. వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్ ప్రోగ్రాములు కూడా మామూలుగా ఇలాగే మనిషి వచ్చాకే పని మొదలుపెడతాయి. "క్లౌడ్‌లోకి దానంతట అదే పోతుంది" అనుకునేవారు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

మొదటి ఘట్టంలోనే, ఏ మనిషీ రాకముందే నడిచే ప్రోగ్రాములు వేరే ఉన్నాయి. వాటిని సర్వీసులు అంటారు. ఊళ్ళో వాటర్ ట్యాంకు మోటారు ఏ ఇంటివాళ్ళు నిద్ర లేస్తారా అని చూడదు, దాని వేళకు అది నడుస్తుంది. సర్వీసు కూడా అంతే. యాంటీవైరస్, ప్రింటరుకు కాగితాలు వరుసగా పంపే భాగం, మైఎస్‌క్యూఎల్ లాంటి డేటాబేసులు ఈ రకంగానే నడుస్తాయి. స్టార్ట్ మెనూలో 'సర్వీసెస్' అని వెతికి తెరిస్తే మీ మిషనులో ఉన్న సర్వీసుల జాబితా కనిపిస్తుంది. అందులో 'స్టార్టప్ టైప్' అనే వరుసలో 'ఆటోమేటిక్' అని ఉన్నవి మిషనుతో పాటే లేస్తాయి. 'ఆటోమేటిక్, డిలేడ్ స్టార్ట్' అని ఉన్నవి మిగతావి లేచాక కాస్త ఆగి లేస్తాయి. 'మాన్యువల్' అంటే అవసరపడి ఎవరైనా పిలిస్తేనే లేస్తుంది. 'డిసేబుల్డ్' అంటే పిలిచినా లేవదు.

ఏ మామూలు ప్రోగ్రామునైనా సర్వీసుగా పెట్టేయవచ్చా అంటే కుదరదు. సర్వీసుగా నడవాలంటే విండోస్ పిలిచినప్పుడు "లేచాను" అని జవాబు చెప్పేలా ప్రోగ్రాము రాసి ఉండాలి. మామూలు ప్రోగ్రామును బలవంతంగా సర్వీసుగా పెడితే, విండోస్ మామూలుగా 30 సెకండ్లు చూసి, జవాబు రాలేదని 1053 అనే నంబరుతో తప్పు చూపిస్తుంది. చాలామంది ఇక్కడే విసిగి వదిలేస్తారు. ఫైళ్ళు కాపీ చేసుకోవడం లాంటి మన పనికి ఇంకో తేలిక దారి ఉంది.

టాస్క్ షెడ్యూలర్‌తో చేసే పద్ధతి

విండోస్‌లోనే టాస్క్ షెడ్యూలర్ అనే సాధనం ఉంది. కొత్తగా ఏదీ కొననక్కరలేదు. దాన్ని తెరిచి, కుడివైపు కనిపించే 'క్రియేట్ టాస్క్' నొక్కండి. దాని పక్కనే 'క్రియేట్ బేసిక్ టాస్క్' అని కూడా ఉంటుంది. అది తేలికగా కనిపిస్తుంది కానీ, మనకు కావలసిన ముఖ్యమైన ఎంపికను నేరుగా అడగదు.

మొదటి పేజీలో పనికి ఒక పేరు పెట్టి, 'రన్ వెదర్ యూజర్ ఈజ్ లాగ్డ్ ఆన్ ఆర్ నాట్' అనే చోట గుర్తు పెట్టండి. మనిషి లోపల ఉన్నా లేకపోయినా నడుపు అని దాని అర్థం. ఈ వ్యాసం మొత్తంలో ఒక్కటే గుర్తుంచుకుంటామంటే ఈ ఎంపికను గుర్తుంచుకోండి. దాని పైనే ఉన్న ఇంకో ఎంపిక 'మనిషి లాగిన్ అయి ఉంటేనే నడుపు' అంటుంది. మనం ఏమీ మార్చకపోతే ఉండేది అదే.

'ట్రిగ్గర్స్' అనే పేజీలో ఎప్పుడు నడవాలో చెప్పాలి. 'ఎట్ స్టార్టప్' ఎంచుకుంటే మిషను లేవగానే నడుస్తుంది. 'ఎట్ లాగ్ ఆన్' అని ఇంకొకటి ఉంటుంది. పొరపాటున అది ఎంచుకుంటే కథ మళ్ళీ మొదటికే వస్తుంది. లేచిన వెంటనే నెట్‌వర్క్ సిద్ధంగా ఉండకపోవచ్చు గనుక ఒక నిమిషం ఆలస్యం పెట్టడం మంచిది. దీనితో పాటు రోజూ ఒక వేళకు నడిచేలా రెండో ట్రిగ్గరు కూడా పెట్టండి. దీనికి కారణం ఉంది. విండోస్ 8 నుంచి 'ఫాస్ట్ స్టార్టప్' అనే సదుపాయం వచ్చింది. అది ఉంటే, షట్‌డౌన్ చేసి మళ్ళీ ఆన్ చేసినప్పుడు విండోస్ పూర్తిగా కొత్తగా లేవదు, నిద్రపుచ్చిన లోపలి భాగాన్నే లేపుతుంది. అలాంటప్పుడు స్టార్టప్ ట్రిగ్గరు పని చేయకపోవచ్చు. రోజువారీ వేళ కూడా పెట్టుకుంటే ఆ లోటు తీరుతుంది.

'యాక్షన్స్' పేజీలో ప్రోగ్రాము ఎక్కడుందో పూర్తి దారి ఇవ్వాలి. కింద 'స్టార్ట్ ఇన్' అనే గడిలో అది ఉన్న ఫోల్డరు కూడా రాయండి. అది ఖాళీగా వదిలితే ప్రోగ్రాము విండోస్ సొంత ఫోల్డర్లో నిలబడి మీ ఫైళ్ళ కోసం వెతుకుతుంది.

'కండిషన్స్' పేజీలో 'కరెంటు మీద ఉంటేనే మొదలుపెట్టు' అనే నిబంధన ముందే టిక్ అయి ఉంటుంది. ల్యాప్‌టాప్ అయితే ఇది ముఖ్యం. యూపీఎస్‌ను యూఎస్‌బీ తీగతో కలిపిన డెస్క్‌టాప్‌కు కూడా ఇది వర్తించవచ్చు, ఎందుకంటే విండోస్ ఆ యూపీఎస్‌ను బ్యాటరీగానే లెక్కవేస్తుంది. మీకు అవసరం లేదనుకుంటే టిక్ తీసేయండి.

'సెట్టింగ్స్' పేజీలో రెండు చూడాలి. వేళ తప్పిపోతే వీలైనంత త్వరగా నడుపు అనే ఎంపికను టిక్ చేయండి. పని మూడు రోజులకు మించితే ఆపేయి అనే నిబంధన కూడా అక్కడే ముందే పెట్టి ఉంటుంది. రాత్రి కాపీకి అది అడ్డు కాదు. ఎప్పుడూ ఆగకుండా నడవాల్సిన ప్రోగ్రామైతే మాత్రం నాలుగో రోజున కారణం తెలియకుండా ఆగిపోతుంది. అలాంటి పనికి ఆ టిక్ తీసేయాలి.

చివర్లో ఓకే నొక్కితే పాస్‌వర్డ్ అడుగుతుంది. రోజూ కొట్టే నాలుగంకెల పిన్ ఇక్కడ పనికిరాదు. ఆ ఖాతా అసలు పాస్‌వర్డే ఇవ్వాలి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయ్యేవారికి ఆ ఖాతా పాస్‌వర్డు. అసలు పాస్‌వర్డే పెట్టుకోని ఖాతా అయితే ఇలాంటి పని మామూలుగా నడవదు. విండోస్ భద్రతా నియమం అందుకు ఒప్పుకోదు.

ఎవరి పేరు మీద నడుస్తోంది?

ఇది సంఘాల్లో తరచూ దెబ్బతీసే సంగతి. పని పెట్టిన కుర్రాడు తన సొంత ఖాతా పేరు మీద పెడతాడు. ఆరు నెలల తర్వాత ఎవరో ఆ పాస్‌వర్డ్ మారుస్తారు, లేదా అతను వెళ్ళిపోయాడని ఖాతా తీసేస్తారు. టాస్క్ షెడ్యూలర్ మాత్రం పాత పాస్‌వర్డే దగ్గర పెట్టుకుని ఉంటుంది. ఆ రోజు నుంచి పని జరగదు. తెర మీద ఏ హెచ్చరికా రాదు.

దీనికి రెండు దారులున్నాయి. ఈ పనికే ఒక ప్రత్యేక ఖాతా తెరిచి, దాని పాస్‌వర్డ్ సంఘం రిజిస్టరులో రాసి బీరువాలో పెట్టడం ఒకటి. పాస్‌వర్డే అక్కరలేని 'సిస్టమ్' ఖాతా మీద నడపడం రెండోది. సిస్టమ్ ఖాతాకు ఆ మిషను మీద దాదాపు అన్ని అధికారాలూ ఉంటాయి. అందుకే తేలికగా నడుస్తుంది. ప్రమాదం ఉన్నది కూడా అందులోనే. ఆ ప్రోగ్రాము ఫైలు అందరూ మార్చగలిగే ఫోల్డర్లో ఉంటే, దాని బదులు వేరే ఫైలు పెట్టినవారి చేతికి మిషను మొత్తం పోతుంది. కాబట్టి ప్రోగ్రామును 'ప్రోగ్రామ్ ఫైల్స్' లాంటి, మామూలు ఖాతాలు రాయడానికి వీల్లేని చోట పెట్టాలి. ఒక ఫోల్డరు నుంచి ఇంకో ఫోల్డరుకు కాపీ చేయడానికి అంత అధికారం అక్కరలేదు. మేము మొదటి దారే పట్టాం.

లాగిన్‌కు ముందు నడిచే దానికి ఎంత బలం ఉంటుందో లోకమంతా చూసిన రోజు ఒకటుంది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్‌కు తప్పు అప్‌డేట్ వచ్చింది. అది విండోస్ లోపలి పొరలో, మనిషి రాకముందే మొదలయ్యే సాఫ్ట్‌వేర్. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల కంప్యూటర్లు నీలం తెర దగ్గరే నిలిచిపోయాయి. విమానాశ్రయాల్లో చేతిరాత బోర్డింగ్ పాసులు ఇచ్చిన రోజు అదే. ఫోను చేసి "మీ మిషనులో ఒక చిన్న సర్వీస్ ఇన్‌స్టాల్ చేస్తాం, ఒప్పుకోండి" అని అపరిచితులు ఎవరైనా అంటే ఎందుకు ఒప్పుకోకూడదో దీన్నిబట్టి తెలుస్తుంది. అది మీరు లేనప్పుడు కూడా నడుస్తూనే ఉంటుంది.

కనపడని చోట చిక్కులు

లాగిన్‌కు ముందు నడిచే ప్రోగ్రాముకు తెర ఉండదు. 2007లో మార్కెట్లోకి వచ్చిన విండోస్ విస్టా నుంచి సర్వీసులన్నీ 'సెషన్ సున్నా' అనే వేరే గదిలో నడుస్తాయి. మనుషులకు ఒకటి, రెండు అని వేరే గదులు ఉంటాయి. కాబట్టి ఆ ప్రోగ్రాము "ఈ ఫైలు ముందే ఉంది, దాని మీద రాయనా?" అని అడిగితే, ఆ ప్రశ్న ఎవరికీ కనిపించదు. జవాబు కోసం అది అలాగే కూర్చుంటుంది. ప్రశ్నలు అడగకుండా పని చేసేలా, ఏం చేసిందో ఒక లాగ్ ఫైలులో రాసేలా ముందే ఏర్పాటు చేయాలి.

రెండో చిక్కు డ్రైవ్ అక్షరాలు. వేరే కంప్యూటర్లోని ఫోల్డరును మనం 'జెడ్ డ్రైవ్' అని పేరు పెట్టుకుని వాడుతుంటాం. ఆ పేరు మన లాగిన్‌లోనే చెల్లుతుంది. సర్వీసుకు జెడ్ అనే డ్రైవే కనిపించదు. అక్షరం బదులు, రెండు వెనుకవాలు గీతలతో మొదలై కంప్యూటర్ పేరు, ఫోల్డరు పేరు ఉండే పూర్తి చిరునామా ఇవ్వాలి. సిస్టమ్ ఖాతా మీద నడిపితే పక్క కంప్యూటరు మామూలుగా దాన్ని లోపలికి రానివ్వదు కూడా. ప్రత్యేక ఖాతా పెట్టుకోమనడానికి ఇదీ ఒక కారణం.

మూడోది మన తెలుగువాళ్ళకు ప్రత్యేకం. ఫోల్డర్లకు 'పెద్దల మాటలు' అని తెలుగులో పేరు పెట్టుకోవడం మనకు ఇష్టం. ఫైళ్ళ పేర్లు తెలుగులో ఉన్నా విండోస్‌తో వచ్చే రోబోకాపీ వాటిని సరిగ్గానే కాపీ చేస్తుంది. అయితే బ్యాచ్ ఫైలు లోపల ఆ తెలుగు పేరు టైపు చేస్తే, విండోస్ దాన్ని పాత అక్షర పట్టికతో చదివి పిచ్చి గీతలుగా మార్చుకుని, "అలాంటి ఫోల్డరు లేదు" అనవచ్చు. పై ఫోల్డరు ఒక్కదానికి ఇంగ్లీషు అక్షరాల పేరు పెట్టి, లోపల అంతా తెలుగులోనే ఉంచుకుంటే ఈ బాధ ఉండదు.

రోబోకాపీలో 'మిర్రర్' అనే పద్ధతి ఉంది. దాన్ని ఆలోచించి వాడండి. అసలు చోట ఏది పోతే కాపీలోనూ అది తీసేస్తుంది. ఎవరైనా పొరపాటున పాటల ఫోల్డరు చెరిపేస్తే, ఆ రాత్రికే కాపీ కూడా పోతుంది. కొత్తవి చేర్చడమే తప్ప పాతవి తీసేయని పద్ధతి మనలాంటివారికి మేలు.

మిషనే లేవకపోతే?

ఇంతా చేసి, కరెంటు వచ్చాక మిషనే లేవకపోతే సర్వీసు ఉండీ లాభం లేదు. కరెంటు వచ్చినప్పుడు తిరిగి ఆన్ కావాలా వద్దా అన్నది బయోస్ అనే మూల సెట్టింగుల్లో ఉంటుంది. చాలా డెస్క్‌టాపుల్లో ఇది దొరుకుతుంది. అక్కడ 'పవర్ ఆన్' అని పెట్టించుకోండి. మిషను నిద్రలోకి జారినా సర్వీసులు దానితో పాటే నిద్రపోతాయి. కాబట్టి పవర్ సెట్టింగుల్లో స్లీప్‌ను 'నెవర్' చేయాలి. డిస్కుకు తాళం వేసి, ఆన్ చేయగానే ముందు పిన్ అడిగేలా బిట్‌లాకర్ పెట్టుకుంటే, ఆ పిన్ కొట్టేదాకా విండోసే లేవదు. భద్రత ఎక్కువ, కానీ మనిషి కావాలి. రెండింటిలో మీకు ఏది ముఖ్యమో మీరే తేల్చుకోవాలి.

"ఇంత తంటా ఎందుకు, పాస్‌వర్డ్ అడగకుండా నేరుగా లాగిన్ అయ్యేలా పెడితే పోలా?" అని కొందరంటారు. పని జరుగుతుంది, నిజమే. అయితే గదిలోకి వచ్చిన ఎవరికైనా సంఘం లెక్కలు, సభ్యుల ఫోను నంబర్లు, మెయిళ్ళు తెరిచి పెట్టినట్టే. ఇంటి తాళం తీసి వాకిట్లో పెట్టి పోకూడదు కదా.

లినక్స్, మ్యాక్ వాడేవారికి

లినక్స్‌లో ఈ పని సిస్టమ్‌డీ చూసుకుంటుంది. కోహా పెట్టుకున్న గ్రంథాలయాలు చాలావరకు ఇదే వాడుతుంటాయి. అక్కడ సర్వీసును 'స్టార్ట్' చేయడం వేరు, 'ఎనేబుల్' చేయడం వేరు. స్టార్ట్ చేస్తే ఇప్పుడు నడుస్తుంది. ఎనేబుల్ చేస్తేనే రేపు మిషను లేచినప్పుడు కూడా నడుస్తుంది. ఒక మనిషి పేరు మీద పెట్టిన యూజర్ సర్వీసు అయితే మామూలుగా ఆ మనిషి లాగిన్ అయ్యాకే లేస్తుంది. 'లింగర్' అనే సెట్టింగు పెడితే ముందే లేస్తుంది. మ్యాక్‌లో 'లాంచ్ డీమన్స్' ఫోల్డర్లో పెట్టినవి మిషనుతో లేస్తాయి, 'లాంచ్ ఏజెంట్స్'లో పెట్టినవి మనిషి వచ్చాక లేస్తాయి. ఫైల్‌వాల్ట్ తాళం వేసి ఉంటే మాత్రం పాస్‌వర్డ్ కొట్టేదాకా ఏదీ కదలదు. పేర్లు మారినా అన్నిటిలో ఉన్న తేడా ఒక్కటే. పని మిషనుదా, మనిషిదా?

పరీక్ష ఇలా చేయండి

సెట్ చేసిన వెంటనే 'రన్' నొక్కి చూసి, నడిచింది కదా అని లేచి పోకండి. అప్పుడు మీరు లాగిన్ అయి ఉన్నారు, అందుకే నడిచి ఉండవచ్చు. అసలు ఫోల్డర్లో ఒక కొత్త ఫైలు పెట్టండి. మిషను రీస్టార్ట్ చేయండి. పాస్‌వర్డ్ అడిగే తెర వచ్చాక దాన్ని ముట్టుకోకుండా టీ తాగి రండి. పావుగంట తర్వాత ఆ రెండో డిస్కును ఇంకో కంప్యూటరు నుంచి చూడండి. అలా వీలుకాకపోతే లాగిన్ అయి, లాగ్ ఫైలులో పని మొదలైన వేళ, మీరు లాగిన్ అయిన వేళ పోల్చి చూడండి. పని మొదలైన వేళ ముందుంటే మీ ఏర్పాటు సరిగ్గా ఉంది. టాస్క్ షెడ్యూలర్లో 'లాస్ట్ రన్ రిజల్ట్' అనే వరుస కూడా ఉంటుంది. అక్కడ పని విజయవంతమైందని ఉన్నా సరే, కాపీ అయిన ఫైళ్ళలో ఒకటి తెరిచి వినండి. రోబోకాపీ అయితే అంతా బాగున్నా అక్కడ ఒకటి అనే అంకె చూపవచ్చు. ఆ అంకెకు 'కొత్త ఫైళ్ళు కాపీ అయ్యాయి' అని అర్థం, కంగారు పడకండి.

మా ఆఫీసులో ఇప్పుడు గోడకు ఒక కాగితం అంటించాం. ఏ పని ఏ పేరు మీద నడుస్తోంది, పాస్‌వర్డ్ ఏ రిజిస్టరులో ఉంది, చివరిసారి కాపీ తెరిచి విన్నది ఎవరు, ఏ తేదీన అని అందులో ఉంటుంది. ప్రతి నెల మొదటి ఆదివారం ఎవరో ఒకరు ఒక ఆడియో తెరిచి విని, సంతకం పెడతారు. కిందటి నెల ఆ వంతు మా కోశాధికారిది. ఒకటి విని పోదామని వచ్చి, గంటసేపు అక్కడే కూర్చుండిపోయాడు.

మీ సంఘంలోనో, బడిలోనో, ఇంట్లోనో అలాంటి పెట్టె ఒకటి ఉంటే, ఈ ఆదివారం దాన్ని ఒకసారి రీస్టార్ట్ చేసి, పాస్‌వర్డ్ కొట్టకుండా వదిలి చూడండి. మీరు లేనప్పుడు అది ఏం చేస్తోందో ఆ పావుగంటలో తెలిసిపోతుంది.